తొమ్మిదో టబ్బులో తులసి

రోజు 25,911. మొదటి షిఫ్ట్

పై గేటు దగ్గర వేడి అరవై ఒకటి. నిన్నా అంతే, మొన్నా అంతే. ఈ అంకె ఎందుకు రాయాలో నాకు తెలీదు. మా నాయన రాసేవాడు కాబట్టి నేనూ రాస్తున్నాను.

నా పేరు కొమురయ్య. మూడో లెవెల్‌లో వంటశాలా, తులసి టబ్బులూ నా చేతిలో ఉన్నాయి. ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ పుస్తకం నింపుతున్నాను. ఎవరూ చదవరు. చదువుదామన్నా నా కోడిగీతలు అర్థం కావని నా భార్య ఓదెమ్మ అంటుంది.

ఈరోజు కోత పదకొండు వందల ఆకులు, మనిషికి ఎనిమిది లెక్కన. అరవై నాలుగు టబ్బులూ బాగున్నాయి. ఒకప్పుడు బొగ్గు మోసిన ఇనప టబ్బులే ఇవి. గని మూసి, పై వేడికి తాళలేక జనం లోపలికి వచ్చాక వాటిలో మట్టి నింపి, పైన దీపాలు కట్టారు. ఈ రోజుల లెక్క ఆనాటి నుంచే. అప్పటి నుంచి ఇక్కడ బొగ్గు ఎవరూ తవ్వలేదు, తులసి మాత్రం రోజూ కోస్తున్నాం.

ఉన్నది నూట ముప్పై ఏడుగురం. అందరం తినేది ట్యాంకు పిండే. ట్యాంకుల్లో పెరిగే నాచును ఎండబెట్టి పట్టిస్తే వచ్చే పిండి అది. దాన్ని కనిపెట్టినవాళ్లు ఒంటికి కావలసినవన్నీ అందులో పెట్టారు గానీ, మనిషికి ముక్కు ఒకటి ఉంటుందని మరిచిపోయారు. నూనె మరకల పాత గుడ్డను తడిపి పిండినట్టుంటుంది. తులసి లేకుండా ఆ జావ గొంతు దిగదు, దిగినా కడుపులో నిలవదు.

నా పద్ధతి రాసిపెడుతున్నాను, నా తర్వాత ఎవరు వండుతారో తెలీదు కాబట్టి. పిండిని ముందు ఉత్త మూకుడులో ఎర్రగా వేయించాలి. జావ కాచి, దించి, అప్పుడు ఉప్పుతో నూరిన ఆకు కలిపి మూత పెట్టాలి. పొయ్యి మీద ఉండగానే వేస్తే వాసన ఆవిరిలో పోయి చేదు మనకు మిగులుతుంది. ఈ ముక్క వందమందికి చెప్పాను, ఒక్కరూ వినరు.

కోత కూడా రాస్తాను. కొమ్మ చివర జంట ఆకుల పైన గోటితో తుంచితే అక్కడ రెండు కొమ్మలు వస్తాయి. పూత వెన్ను తల ఎత్తగానే తుంచేయాలి. పూతకు పోనిస్తే ఆకు చిన్నదై చేదెక్కుతుంది. తుంచిన లేత వెన్నులు కషాయంలోకి పోతాయి. తులసిని పూయనివ్వకూడదన్నది గని మూసిన నాటి నుంచి వస్తున్న నియమం. కొత్త చెట్టు కావాలంటే కొమ్మ తెంపి నీళ్లలో పెడతాం, తొమ్మిది రోజుల్లో వేరు పడుతుంది. అరవై నాలుగు టబ్బుల్లో ఉన్నదీ అలా ఒక్క చెట్టు నుంచి వచ్చిందే.

వెన్నులు తుంచే పని ఓదెమ్మది. ముప్పై ఐదేళ్లు రోజూ టబ్బు టబ్బూ తిరిగింది. ఆమె బొటనవేలి గోరు నల్లబడిపోయి ఎంత కడిగినా తెల్లబడదు. మూడు నెలల నుంచి ఆ పనీ నేనే చూస్తున్నాను. ఆమె కడుపులో ఏదో పుండు. మామూలు జావ పోస్తే కక్కేస్తోంది. పన్నెండు ఆకులు వేసి కాస్తే ఒక గిన్నె నిలుస్తుంది. ఆ గిన్నె నిలిచినన్నాళ్లు మనిషి నిలుస్తుందని డాక్టరమ్మ చెప్పింది. చెప్పేటప్పుడు నా మొహం వైపు చూడలేదు.

ఇంకొకటి. పదిహేడో టబ్బులో మూడు ఆకుల అడుగున బూడిదరంగు నూగు ఉంది. గుడ్డతో తుడిచాను. రేపు మళ్లీ చూడాలి.

రోజు 25,915. రెండో షిఫ్ట్

తుడిస్తే పోయేది కాదది. నాలుగు రోజుల్లో నలభై ఒక్క టబ్బులకు పాకింది. ఆకు పైన పసుపు మచ్చ, అడుగున బూజు, మర్నాటికి ఆకు నేల మీద. బూజు పట్టిన చెట్లన్నీ పీకి, మూసేసిన పాత గ్యాలరీ సొరంగంలో పారేశాం. నా చేతులతో పెంచిన చెట్లను నా చేతులతోనే పీకాను. ఒళ్లు మండిపోయింది, ఎవరి మీద మండాలో తెలియలేదు.

ఆరోగ్యంగా కనిపించిన ఆరు కొమ్మలు తెంపి వేరే గదిలో నీళ్లలో పెట్టాను. మూడో రోజుకు ఆరింటికీ నూగు వచ్చింది. బూజు ముందే లోపల ఉందన్నమాట. అన్నీ ఒక్క తల్లి కొమ్మలే కదా, ఒకటి తాళలేనిదానికి ఇంకొకటీ తాళలేదు. ఇన్నేళ్లూ అన్ని చెట్లూ ఒకేలా ఉన్నాయని నేను గొప్పలు పోయేవాణ్ణి.

మా సర్దార్ స్వరూప స్టోర్ తెరిపించింది. సర్దార్ అంటే మా లెవెల్ పెద్ద, గని నడిచిన రోజుల నుంచీ ఆ పేరే ఉంది. మొదటివాళ్లు దాచిన విత్తనాల సీసా ఒకటి దొరికింది. డెబ్బై ఏళ్ల విత్తనం. వేలితో తాకితే పొడి అవుతోంది. అయినా నలభై గింజలు తడి గుడ్డలో పెట్టాం.

రోజు 25,923. రెండో షిఫ్ట్

సీసా గింజల్లో ఒక్కటీ మొలవలేదు. వంటశాల టబ్బులన్నీ ఖాళీ.

మిగిలింది తొమ్మిదో టబ్బు ఒక్కటే. ఓదెమ్మ నడవలేకపోయిన కొత్తలో, కళ్లెదుట ఒక చెట్టయినా ఉండాలని పోరుపెడితే దాన్ని మా గదిలోకి తోసుకొచ్చాను. టబ్బు పట్టడానికి తలుపు చెక్క కోయాల్సి వచ్చింది, అప్పుడు చాలా గొణిగాను. ఆ గదికి గాలి వేరే గొట్టంలో వస్తుంది. అందుకే బతికినట్టుంది.

ఈరోజు ఆకు లేని జావ పెట్టాను. సగం మంది గిన్నెలు అలాగే వదిలి వెళ్లారు. తిన్నవాళ్లలో చాలామంది గ్యాలరీ మలుపు దాటకముందే కక్కారు. చిన్నపిల్లలు మూతి బిగించుకుని కూర్చుంటే తల్లులు ముక్కు మూసి పోశారు. వాళ్లను చూడలేక లోపలికి వచ్చి మూకుడు తోముకుంటూ నిలబడ్డాను.

సాయంత్రం షిఫ్టులో స్వరూప మా గదికి వచ్చింది. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగింది. మొదటివాళ్లు వదిలిన మాన్యువల్‌లో వెతికితే తులసి గురించి రెండే లైన్లున్నాయట. అందులో ఒకటి, గింజకు బూజు అంటకపోవచ్చని. కాబట్టి చెట్టును పూయనివ్వాలి, గింజ పట్టనివ్వాలి, ఆ గింజతో మళ్లీ మొదలుపెట్టాలి. అప్పటిదాకా ఆకు ముట్టకూడదు. ఆకు తెంపితే చెట్టు బలం మళ్లీ ఆకు మీదికే పోతుంది, వెన్ను మీదికి రాదు. అది నాకూ తెలుసు. ఓదెమ్మకు పన్నెండు ఆకులు కావాలన్న సంగతి స్వరూపకూ తెలుసు. ఇద్దరం నేల చూపులు చూస్తూ నిలబడ్డాం.

మాట్లాడింది ఓదెమ్మే. "ఏంది బిడ్డా, ఇద్దరు గట్ల నిలవడ్డరు? నాకొద్దు. చెట్టును పూయనియ్యుండ్రి."

స్వరూప నా భుజం పట్టుకుంది. "కాకా, నీకు చెప్పేంత దాన్ని కాదు. గనిలో నూట ముప్పై ఏడు మందికి ఇదొక్కటే చెట్టు," అంది. నేను తల ఊపాను.

రోజు 25,926. మొదటి షిఫ్ట్

తప్పు చేశాను. ఓదెమ్మ నిద్రలో ఉండగా అడుగు కొమ్మ నుంచి నాలుగు ఆకులు తెంపి జావలో వేశాను. మూడు రోజులుగా జావ మీద తేరిన నీళ్లు గుక్కెడు తప్ప ఆమె కడుపులో ఏదీ నిలవలేదు. మనిషి మంచానికి అతుక్కుపోతోంది. అడుగు కొమ్మే కదా, దానికి వెన్ను ఎలాగూ రాదు అని నాకు నేను చెప్పుకున్నాను.

ముప్పై ఐదేళ్లు తులసిలో తిరిగినదాని ముక్కును మోసం చేయాలనుకోవడం నా తెలివితక్కువతనం. గిన్నె దగ్గరికి రాకముందే మొహం పక్కకు తిప్పుకుంది. ఎన్ని తెంపావని అడిగింది. నాలుగే అన్నాను. గిన్నె నా చేతికి తిరిగి ఇచ్చింది.

"నేను యాభై ఏండ్లు తిన్న. ఇప్పుడు పుట్టేటోళ్లు ఈ పిండి ఉత్తగ ఎట్ల మింగుతరు? తినకపోతే ఎన్ని దినాలు బతుకుతరు? ఇంకోసారి తెంపినవంటే నీ చేతి నీళ్లు గూడ తాగ."

మొండిది. పెళ్లయిన మొదటి వారంలోనే తెలిసింది ఆ సంగతి. ఆ గిన్నెను పారేయలేక, పక్క గది బాలింతకు ఇచ్చి వచ్చాను. ఆమె రెండు చేతులా పట్టుకుని తాగింది. దానికి సంతోషించాల్సింది, సంతోషం రాలేదు.

రోజు 25,934. మొదటి షిఫ్ట్

పూసింది.

వెన్నులు జానెడు పొడవు సాగాయి. అంచెలంచెలుగా చిన్న చిన్న మొగ్గలు, ఒక్కో అంచెకూ ఆరు. కింది అంచెలు ఈరోజు విచ్చుకున్నాయి. లేత వంగపండు రంగు పువ్వులు, మధ్యలో సన్నటి పసుపు పొడి. మేమిద్దరం తులసి పువ్వు చూడడం ఇదే మొదటిసారి. నాకు యాభై ఎనిమిదేళ్లు. ఆమె జీవితమంతా దాన్ని పుట్టకముందే తుంచింది.

ఎత్తి కూర్చోబెట్టమంది. వీపు నా ఛాతీకి ఆనించి కూర్చుంది, ఎముకలు గుచ్చుకున్నాయి. చాలాసేపు చూసింది. ఇంత చిన్నగా ఉంటదా అని ఒకసారి నవ్వింది. ఇన్నేళ్లు వీటినే పిండుకుని కషాయం తాగామని చెబితే, తాగిందేమీ ఊరికే పోలేదులే అంది. నాకు ఆ ఘడియ చాలా ఇష్టమైంది. ఆకలి, బూజు, గని అన్నీ ఉన్నా ఇష్టమైంది.

తర్వాత పనిమంతురాలి బుద్ధి బయటపెట్టింది. పూసిన తర్వాత ఏం చేయాలో మనకు తెలీదు కదా, ఎన్నాళ్లకు గింజ వస్తుందో, నీళ్లు ఎక్కువ పోయాలో తక్కువ పోయాలో, రాయమల్లును అడిగి రమ్మంది.

రాయమల్లు మామకు ఎనభై ఒకటి. పైన పుట్టి, పదేళ్లు పైన పెరిగి వచ్చినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. ఆయనకూ నాకూ మూడేళ్లుగా మాటల్లేవు. టబ్బుల పక్కనుంచి పోతూ నాలుగు ఆకులు తుంచి నోట్లో వేసుకుంటే పట్టుకున్నాను. వంటశాలలో అందరిముందూ దొంగ అన్నాను. నెల రోజులు ఆయన వంతు కషాయం ఆపించాను. అప్పటి నుంచి ఆయన వంటశాలకు చుట్టుదారిలో వచ్చిపోతున్నాడు.

మాన్యువల్ చూస్తాలే అన్నాను. మూతి ముడుచుకుంది గానీ వాదించే ఓపిక లేకపోయింది.

రోజు 25,940. రెండో షిఫ్ట్

పువ్వులు ఒక్కొక్కటే రాలుతున్నాయి. పువ్వు రాలిన చోట చిన్న తొడుగు మిగులుతోంది. గింజ అందులోనే పడుతుందని అనుకుంటున్నాను. నీళ్లు మామూలుగానే పోస్తున్నాను.

రాయమల్లును అడిగావా అని ఓదెమ్మ మళ్లీ అడిగింది. రేపు పోతానన్నాను. రేపు పోయేవాణ్ణి కాదు, అది ఆమెకూ తెలుసు.

వంటశాలలో ఈ వారం ముగ్గురు ముసలివాళ్లు మంచం పట్టారు. పిండికి కొరత లేదు, ట్యాంకుల నిండా ఉంది. తినలేక చస్తున్నాం. ఉల్లి లేదు, అల్లం లేదు, వేరే ఆకు ఏదీ దీపాల కింద బతకలేదు. ఉప్పు రెట్టింపు వేసి చూశాను, మాడబెట్టి చూశాను. నాకే వాంతి వచ్చింది.

రోజు 25,947. మొదటి షిఫ్ట్

రాయమల్లు మామ తానే వచ్చాడు. ఓదెమ్మ కబురు పెట్టిందట, నాకు చెప్పకుండా. తలుపు దగ్గర నిలబడి లోపలికి రమ్మంటారా అని అడిగాడు. ఆ మాట నాకు తగలాల్సిన చోట తగిలింది. చేయి పట్టుకుని తీసుకొచ్చి టబ్బు పక్కన కూర్చోబెట్టాను.

చెట్టును చూసి ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వెన్నును రెండు వేళ్ల మధ్య పట్టుకుని వాసన చూశాడు. మా ఇంటి ముందర ఇట్లనే ఉండేదన్నాడు. అప్పుడు చుట్టూ చూసి మామూలుగా, ఏదో చిన్న వస్తువు కనబడనట్టు అడిగాడు.

"మరి ఈగలేవి అల్లుడా?"

ఏ ఈగలని అడిగాను.

"తేనెటీగలు. తులసి పూసిందంటే పొద్దంతా చుట్టూ జుమ్ముమని తిరిగేటివి. మా అమ్మ నన్ను వాటి దగ్గరికి పోనియ్యకపొయ్యేది, కుడ్తయని. ఈ పువ్వు మీది పొడి ఆ పువ్వుకు అంటిచ్చేది అవే. అవి తిరగకపోతే గింజ వడ్తదో వడదో, నాకు తెల్వది."

గనిలో ఈగ అనేది లేదు. పుట్టి బుద్ధెరిగాక నేను ఎగిరే ప్రాణిని చూడలేదు. పూత వచ్చి పదమూడు రోజులైంది. మొదటి రోజే అడిగి ఉంటే అన్ని అంచెలూ చేతిలో ఉండేవి. నాలుగు ఆకుల కోపం పట్టుకుని పదమూడు రోజులు కూర్చున్నాను.

కొసల్లో ఇంకా పదకొండు పువ్వులున్నాయి. ఓదెమ్మ తన జడ కొసను పళ్లతో కొరికి నా చేతికి ఇచ్చింది. ఆ వెంట్రుకలను పుల్లకు కట్టి, ఒక పువ్వు పొడిని ఇంకో పువ్వుకు రాశాను. పువ్వు నలగకుండా రాయమల్లు మామ నా మణికట్టు పట్టుకున్నాడు.

ఆయన వెళ్లేటప్పుడు అప్పటి మాట మనసులో పెట్టుకోవద్దన్నాను. పెట్టుకుంటే వచ్చేవాణ్ణా అన్నాడు.

రోజు 25,955. రెండో షిఫ్ట్

పువ్వులన్నీ రాలాయి. తొడుగులు కింది నుంచి గోధుమరంగుకు తిరుగుతున్నాయి. స్వరూప రోజూ వచ్చి చూసి పోతోంది. కొత్త మట్టి కాల్చి, చల్లార్చి, నాలుగో లెవెల్‌లో ఎవరూ తిరగని గదిలో పదహారు టబ్బులు సిద్ధం చేయించింది. పిల్లలు ఆ గదిని గింజల గది అంటున్నారట.

ఓదెమ్మ ఇప్పుడు కళ్లు తెరిచినప్పుడల్లా ముందు చెట్టును చూస్తుంది, తర్వాత నన్ను. ఎండాయా అని అడుగుతుంది. ఇంకొంచెం అంటాను. డాక్టరమ్మ ఈరోజు నన్ను బయటికి పిలిచి, ఇక వారం అంటే ఎక్కువ అని చెప్పింది. ఈసారి నా మొహం చూసే చెప్పింది.

చెట్టు మీద ఇంకా ముప్పై నాలుగు ఆకులున్నాయి. రోజుకు పదిసార్లు లెక్కపెడుతున్నాను. చేయి దాని మీదికి పోయి వెనక్కి వస్తోంది. ఇలాంటి కష్టం పగవాడికి కూడా వద్దు.

రోజు 25,961. మొదటి షిఫ్ట్

ఈరోజు వెన్నులన్నీ ఎండాయి. తెల్లగుడ్డ పరిచి, కోసి పెట్టాం. స్వరూప దీపం పట్టుకుంది, రాయమల్లు మామ పక్కన కూర్చున్నాడు. ఓదెమ్మ మగతలో ఉంది. అది మంచిదే అయింది.

మొదటి వెన్నును అరచేతిలో నలిపి ఊదాను. పొట్టు ఎగిరిపోయింది. అరచేతిలో ఏమీ మిగలలేదు. రెండోది నలిపాను, మూడోది నలిపాను. ఒక్కో తొడుగును గోటితో విప్పి చూశాం. లోపల పొడిబారిన నలుసు, ఊపిరి తగిలితే పోయేది. అన్నీ తాలే. వెంట్రుకలతో రాసిన పదకొండు తొడుగులను విడిగా పెట్టుకున్నాం. అందులో ఒకదాంట్లో నల్లటిది కనబడితే స్వరూప నా చేయి గట్టిగా పట్టుకుంది. నొక్కితే చిట్లింది. అదీ ఉత్త పొట్టే.

ఈగలు లేకనా, డెబ్బై ఏళ్లు కొమ్మల మీదే బతికిన చెట్టుకు గింజ పట్టే శక్తి పోయినందుకా, నేను ఆలస్యం చేయడం వల్లా, తెలీదు. ముందే అడిగినా ఇదే జరిగేదేమోనని రాయమల్లు మామ అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు. ఆ మాట నిజమైతే ఓదెమ్మ ముప్పై ఎనిమిది రోజులు ఊరికే పస్తు ఉన్నట్టు. అబద్ధమైతే దానికి కారణం నేను. రెండింట్లో ఏది మేలో ఎంచుకోలేకపోతున్నాను.

చెట్టుకు కూడా పొద్దున్నే నూగు కనిపించింది. నేను చెప్పకముందే స్వరూప చూసింది. ఆకులు నీ ఇష్టం కాకా అని చెప్పి, కళ్లు తుడుచుకుంటూ గింజల గది తాళం వేయడానికి వెళ్లింది.

అదే రోజు. రెండో షిఫ్ట్

ముప్పై నాలుగు ఆకుల్లో బూజు లేనివి ఇరవై ఆరు. అన్నీ కోశాను. పిండి ఎర్రగా వేయించాను. జావ పలచగా కాచి, దించి, ఉప్పుతో నూరిన ఆకు కలిపి మూత పెట్టాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏదీ వండలేదు.

గిన్నె తీసుకుని గదిలోకి అడుగు పెట్టగానే ఓదెమ్మ కళ్లు తెరిచింది. మంచం పక్క టబ్బులో ఉత్త కొమ్మలు ఆమెకు కనిపిస్తూనే ఉన్నాయి. ఆమె ముక్కుకు వాసన తగిలింది. గింజల మాట అడుగుతుందని, ఏమని చెప్పాలా అని గుమ్మంలోనే ఆగాను. అడగలేదు.

తల ఎత్తి పట్టుకుని చెంచాతో పోశాను. మొదటి చెంచా నోట్లోనే ఉంచుకుంది. చేదెక్కిందని అంది. పూతకు పోయిన ఆకు కదా అన్నాను. ఇంకో చెంచా, ఇంకో చెంచా. కక్కుతుందేమోనని తువ్వాలు పట్టుకుని కూర్చున్నాను. కక్కలేదు. ముప్పై ఎనిమిది రోజుల తర్వాత ఆమె గొంతు ఆశగా కదలడం చూశాను. గిన్నె అడుగున ఉన్నది వేలితో తీసి నాకింది.

అప్పుడు నా వైపు చూసి, నిష్ఠూరం ఏమీ లేకుండా అంది.

"గిట్లయితదని తెలిస్తే రోజూ తింటుంటి గదనయ్యా."

తువ్వాలు ఆమె చేతికిచ్చాను. ఆమె పెదవులు తుడుచుకుని ఖాళీ గిన్నెలోకి చూసింది.

"ఇంకింత ఉన్నదా?" అని అడిగింది.

లేదని చెప్పాను.